530ఐ కి మళ్లీ రన్‌ఫ్లాట్లే వెయ్యాలా, మామూలు ఆల్ సీజన్ టైర్లకి మారిపోవచ్చా? న్యూజెర్సీ వాళ్లు చెప్పండి

రాజమండ్రి_ఎడిసన్:

అందరికీ నమస్కారం. మాది 2019 బీఎండబ్ల్యూ 530ఐ ఎక్స్‌డ్రైవ్, అంటే ఇంజిన్ బలం నాలుగు చక్రాలకీ వెళ్లే రకం. లీజు తీరిన కారు కొన్నాం, ఇప్పుడు 61 వేల మైళ్ల మీద ఉంది. టైర్లు కారుతో వచ్చిన సైజే, 245/45 ఆర్18, నాలుగూ రన్‌ఫ్లాట్లు, అంటే గాలి పోయినా కొంత దూరం నడిచే టైర్లు. కొన్నప్పుడు ఉన్నవే ఇప్పటిదాకా నడుస్తున్నాయి. పక్కగోడ మీద బీఎండబ్ల్యూ ఒప్పుకున్న టైరని చెప్పే చిన్న నక్షత్రం గుర్తు కూడా ఉంది.

పోయిన గురువారం సాయంత్రం టర్న్‌పైక్ (టోల్ హైవే) మీద ఎగ్జిట్ 10 దాటాక వాన దంచికొట్టింది. నేను 60 లోనే వెళ్తున్నాను. కుడి లేన్‌లో నీళ్లు నిలిచిన చోట స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోయింది. తిప్పితే ఏమీ తెలియడం లేదు. రెండు సెకన్లు ఉంటుందేమో, మళ్లీ రోడ్డు దొరికింది. వెనక సీట్లో మా పాప ఉంది. ఇంటికొచ్చి కారు ఆపాక కూడా నా చేతుల వణుకు తగ్గలేదు.

శనివారం పొద్దున డ్రైవ్‌వేలో స్టీరింగ్ చివరిదాకా తిప్పి ముందు టైరు లోపలి అంచు చూశాను. బయటి వైపు చూస్తే ఇంకో ఏడాది వస్తుందనిపించే టైరు, లోపలి వైపు అరచేత్తో రాస్తే నున్నగా ఉంది. గాడిలో పెన్నీ నాణెం తలకిందులుగా పెడితే లింకన్ తల మొత్తం పైకే కనపడుతోంది, అంటే టైరు అయిపోయినట్టే. వెనక వాటిని నేల మీద పడుకుని ఫోన్ లైటు వేసి చూస్తే ఇంకా అన్యాయం. ఇన్నాళ్లూ నిలబడి చూసి బాగానే ఉన్నాయనుకున్నాను.

డీలర్ దగ్గర అడిగితే అవే నక్షత్రం రన్‌ఫ్లాట్లు, బిగింపుతో కలిపి నాలుగిటికీ 1,720 డాలర్లు అన్నారు. మామూలు టైర్లయితే మంచి రకాలే 1,100 లోపు వస్తున్నాయి. చూస్తున్నవి మిషెలిన్ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4, కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ డీడబ్ల్యూఎస్ 06 ప్లస్, మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2. మూడు రాత్రులుగా వీటి మధ్యే తిరుగుతున్నాను.

ఈ కారుకి స్టెప్నీ లేదు, డిక్కీలో పెట్టుకునే గుంట కూడా లేదు. మామూలు టైర్లు వేస్తే పంక్చరైన రోజు సంగతేంటి? కారు వారానికి మూడు రోజులు మా ఆవిడ తీసుకెళ్తుంది. ప్రిన్స్‌టన్ దగ్గర ల్యాబ్‌లో రెండో షిఫ్టు, రాత్రి 11 తర్వాత రూట్ 1 మీద ఒక్కతే వస్తుంది. ఇంకో పక్క నవంబర్‌లో అమ్మానాన్న వస్తున్నారు, నాన్నకి నడుము నొప్పి. ఈ టైర్లతో ప్రతి గుంతా వెన్నెముకకి తెలుస్తోంది. ఇంటి దగ్గర షాపతనేమో "ఇప్పటికి వెనక రెండూ మారిస్తే చాలు" అన్నాడు. అదైనా నిజమేనా?

ఓరుగల్లు_ఫ్రిస్కో:

బ్రో, ముందు మీరు, పాప క్షేమంగా ఉన్నారు, అది చాలు.

నా లెక్సస్ ఈఎస్ 350 కి పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4 వేసి 28 వేల మైళ్లు తిరిగిన. వానలో బ్రేక్ కొడితే కారు నేలకి అతుక్కున్నట్టు ఆగుతది. కాకపోతే మాకు టెక్సాస్‌లో మంచు ఏడాదికి రెండు రోజులు, ఆ రెండు రోజులు ఇంట్లోంచి కాలు బయట పెట్టం. ఇక్కడ బాధంతా ఎండతోనే. ట్రెడ్ (గాడులుండే పై పొర) ఉన్నా రబ్బరు ఎండిపోయి పక్కగోడల మీద పగుళ్లొస్తయి. కాబట్టి మీ చలికాలం గురించి నేను చెప్పడం సరికాదు, అక్కడివాళ్లు చెప్పాలె. రన్‌ఫ్లాట్ తీసేస్తే మాత్రం మీ నాన్నగారి నడుముకి మస్తు హాయి.

సూళ్లూరుపేట_నోవై:

తమ్ముడూ, డెట్రాయిట్ పక్కన పదిహేడేళ్లుగా ఉంటున్నాను. పని కారు విడిభాగాల కంపెనీలోనే, సస్పెన్షన్ వైపు. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

కొత్తవి పడేదాకా వానలో ఆ కారు తియ్యొద్దు. నీళ్లని పక్కకి తోసేది గాడులే. అవి లేనప్పుడు టైరు నీళ్లెక్కి తేలుతుంది, నీకు జరిగింది అదే. గాడి లోతు 2/32 అంగుళం దాకా చట్టం ఒప్పుకుంటుంది, కానీ వానకి 4/32 దగ్గరే మార్చెయ్యడం మంచిది. పెన్నీ బదులు క్వార్టర్ నాణెం పెట్టి చూస్తే ఆ కొలత తెలుస్తుంది. వాషింగ్టన్ తల అంచు గాడిలోకి దిగకపోతే మార్చే టైమొచ్చినట్టే.

ఇక ఆ షాపతని మాట. రెండే మార్చొద్దు. ఈ విషయంలో నాకు గట్టి దెబ్బే తగిలింది. నా దగ్గర 2014 328ఐ ఎక్స్‌డ్రైవ్ ఉండేది. వెనకవి బాగా అరిగితే ఒక షాపులో ఇదే మాట చెప్పారు, నేనూ నమ్మి రెండే వేయించాను. నాలుగు నెలలు తిరక్కుండానే పార్కింగ్‌లో స్టీరింగ్ తిప్పి మెల్లగా కదులుతుంటే వెనక నుంచి ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు కుదుపులు మొదలయ్యాయి. ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) ఆయిల్ మార్పించాను, కొన్నాళ్లు తగ్గింది, మళ్లీ వచ్చింది. చివరికి ట్రాన్స్‌ఫర్ కేసే మార్చాల్సి వచ్చింది. బిల్లు 3,400 డాలర్లు. మిగుల్చుకున్నది రెండు టైర్ల ఖరీదు.

ఎందుకో లెక్క వేసి చూడు. నీ సైజు కొత్త టైరు వ్యాసం దాదాపు 678 మిల్లీమీటర్లు. ట్రెడ్ 10/32 నుంచి 4/32 కి అరిగితే వ్యాసం తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు తగ్గుతుంది. ఆ టైరు కొత్త టైరు కంటే మైలుకి దాదాపు పదకొండు చుట్లు ఎక్కువ తిరగాలి. ముందుకీ వెనక్కీ మధ్య బలాన్ని పంచేది ట్రాన్స్‌ఫర్ కేస్‌లోని క్లచ్ ప్లేట్లు. తిన్నని రోడ్డు మీద కూడా ఏదో చక్రం జారుతోందన్నట్టు అవి రోజంతా రాసుకుంటూనే ఉంటాయి. కాబట్టి నాలుగూ ఒకేసారి, ఒకే కంపెనీ, ఒకే మోడల్ వెయ్యి. ఆ తర్వాత 5 వేల మైళ్లకోసారి ముందువి వెనక్కి మార్పిస్తూ ఉండు.

లోపలి అంచే నున్నగా అయిందంటే అలైన్‌మెంట్ (చక్రాలు నిలిచే కోణాలు) పోయిందేమో అని నా అనుమానం. ఈ కార్లలో వెనక చక్రాలు పైభాగం లోపలికి వాలి ఉంటాయి, దానికి తోడు మీ జెర్సీ గుంతలు. కొత్త టైర్లు వేసిన రోజే నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయించి, ముందు ఎంతుంది, తర్వాత ఎంతుంది అనే ప్రింటవుట్ అడిగి తీసుకో. చేయించకపోతే ఇవీ అలాగే పోతాయి.

ఇప్పుడు నీ మూడు టైర్ల సంగతి. ఎం ప్లస్ ఎస్ (మడ్, స్నో, అంటే బురద, మంచు) అన్న అక్షరాలు చూసి మంచు టైరు అనుకోకు. అది ట్రెడ్ ఆకారాన్ని బట్టి వేసుకునే గుర్తు, దాదాపు ప్రతి ఆల్ సీజన్ మీదా ఉంటుంది. మూడు శిఖరాల కొండ లోపల మంచు పువ్వు బొమ్మ ఉంటే, అది మంచు మీద పరీక్షలో నెగ్గిన టైరు. ఆ పరీక్ష కూడా బండి కదిలేటప్పటి పట్టునే కొలుస్తుంది, బ్రేకునీ మలుపునీ కాదు. ఈ మూడింట్లో ఆ బొమ్మ ఉన్నది క్రాస్‌క్లైమేట్ 2 ఒక్కదానికే. కంపెనీ వారంటీ దానికి 60 వేల మైళ్లు, కాంటినెంటల్‌కి 50 వేలు, పైలట్ స్పోర్ట్‌కి 45 వేలు.

పక్కగోడ మీద ట్రెడ్‌వేర్ అంకె, అంటే టైరు ఎంత మెల్లగా అరుగుతుందో చెప్పే అంకె చూసి మురిసిపోవద్దు. టెక్సాస్‌లో శాన్ ఏంజెలో చుట్టూ 400 మైళ్ల రోడ్డు మీద తిప్పి చూసే పరీక్ష అది. ఫలితం చూసి అంకె వేసుకునేది ఎవరి టైరుకి వాళ్లే. ఒకే కంపెనీ టైర్లని పక్కపక్కన పెట్టి చూడటానికి పనికొస్తుంది. మిషెలిన్ 540 కీ కాంటినెంటల్ 560 కీ మధ్య 20 తేడాకి అర్థం లేదు. క్రాస్‌క్లైమేట్ 2 కి ట్రాక్షన్ గ్రేడ్ బి అని చూసి చాలామంది భయపడతారు. అది చక్రం పూర్తిగా బిగుసుకుపోయి తడి రోడ్డు మీద జారుతున్నప్పుడు తీసే కొలత. మన కార్లలో ఏబీఎస్ చక్రాన్ని అలా బిగుసుకోనివ్వదు.

నడిపితే ఎలా ఉంటాయంటే, పైలట్ స్పోర్ట్ గట్టిగా, స్టీరింగ్ తిప్పగానే మాట వింటుంది. కాంటినెంటల్ పక్కగోడ దానికంటే మెత్తన, గుంతల మీద మర్యాదగా ఉంటుంది. దాని ట్రెడ్‌లో డి, డబ్ల్యూ, ఎస్ అని మూడు అక్షరాలుంటాయి. అరిగేకొద్దీ ముందు ఎస్ చెరిగిపోతుంది, అంటే ఇక మంచుకి పనికిరాదు. తర్వాత డబ్ల్యూ పోతుంది, అంటే వానకి కూడా చాలదు. వంగి చూసే అలవాటు లేనివాళ్లకి ఇంతకంటే సులువైన కొలత నాకు తెలీదు. క్రాస్‌క్లైమేట్ చలిలో అన్నిటికంటే ధైర్యంగా ఉంటుంది, మలుపుల్లో కొంచెం బద్ధకం.

జెర్సీ చలికాలం అంటే మా మిషిగన్‌లా రోజుల తరబడి తెల్లటి రోడ్లు కాదు. 38 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో సన్నగా కురుస్తూనే ఉండే వాన, పొద్దునకి పల్చటి మంచు పొర. నీకు కావలసింది చల్లటి తడి రోడ్డు మీద పట్టు. నన్నడిగితే రన్‌ఫ్లాట్లు వదిలేసి కాంటినెంటల్ వేసుకో. మంచు రోజున కూడా డ్యూటీకి వెళ్లక తప్పదంటే క్రాస్‌క్లైమేట్ 2. డిక్కీలో గాలి కొట్టే ఒక చిన్న కంప్రెసరు, టోయింగ్ మెంబర్‌షిప్ ఉంచుకో. ఏది కొన్నా లోడ్ ఇండెక్స్ 100 కి తగ్గనివ్వకు. 100 అంటే ఒక్కో టైరు మోయగల బరువు 800 కిలోలు. ఇదే సైజులో 96 కూడా దొరుకుతాయి, అవి 710 కిలోలే. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ చూడు, అందులో రాసినదే ప్రమాణం.

స్టిక్కర్ అంటే గుర్తొచ్చింది. రేపు పొద్దున కారు కదపకముందు, చల్లగా ఉన్నప్పుడు, గాలి ఎంతుందో కొలిచి రాయి. కుదుపంతా రన్‌ఫ్లాట్ల వల్లేనని నాకు నమ్మకం లేదు.

ఇంకో మాట, విషయానికి కొంచెం పక్కగా. వ్రెడెస్టైన్ క్వాట్రాక్ ప్రో అని ఒకటుంది, దానికీ ఆ మంచు పువ్వు గుర్తుంది. హాలండ్ కంపెనీ, 2009లో మన అపోలో టైర్స్ కొనేసింది. అపోలో వాళ్ల ఫ్యాక్టరీ ఒకటి చిన్నపండూరులో ఉంది, మా సూళ్లూరుపేటకి దగ్గరే. పోయినసారి ఇంటికెళ్లినప్పుడు ఆ దారిన ఫ్యాక్టరీ చూసుకుంటూ వెళ్తుంటే చాలా గర్వంగా అనిపించింది. ధర కూడా తక్కువే, ఒకసారి చూడు.

తెనాలి_పిస్కాటవే:

అన్నయ్య గారూ, అందరూ టైర్ల గురించే చెబుతున్నారు. వదినని అడిగారా?

నేను ఫార్మసీలో పనిచేస్తాను, రెండేళ్లు రాత్రి షిఫ్టు చేశాను. ఒక ఫిబ్రవరి రాత్రి పన్నెండున్నరకి 287 సౌత్‌లో మోరిస్‌టౌన్ దాటాక గుంతలో పడ్డాను. పెద్ద చప్పుడు, వెంటనే స్క్రీన్ మీద ఎర్ర గుర్తు. ఆ ముక్కలో పక్కకి తీసి ఆపుకునే షోల్డర్ లేదు, పక్కన పేరుకుపోయిన పాత మంచు. ఆగితే లారీల పక్కనే ఆగాలి. నా కారుకి రన్‌ఫ్లాట్లు ఉన్నాయి కాబట్టి లైట్లు వేసుకుని 45 మీద 22 మైళ్లు నడుపుకుంటూ ఇంటికొచ్చేశాను. గాలి పూర్తిగా పోయినా మామూలుగా 50 మైళ్లు, 50 స్పీడుకి మించకుండా వెళ్లొచ్చంటారు. గరాజులో దిగి చూస్తే పక్కగోడ మీద బొటనవేలు దూరేంత చీలిక. కంప్రెసరూ, పంక్చరు మూసే జిగురు సీసా ఆ చీలికని ఏం చెయ్యగలవు? టో ట్రక్కుకి ఫోన్ చేస్తే గంటన్నర అంటారు. ఆ గంటన్నర ఆ చలిలో, ఆ రోడ్డు మీద నేనొక్కదాన్నే కూర్చోవాలి.

రన్‌ఫ్లాట్లలో లోపాలు లేవని కాదు. ఆ పోయిన టైరుకి అతుకు వెయ్యమంటే ఏ షాపులోనూ ఒప్పుకోలేదు, గాలి లేకుండా నడిపిన టైరు లోపల ఎలా ఉందో చెప్పలేమన్నారు. మళ్లీ ఏడాదికి ఇంకో గుంతలో రిమ్మే వంగింది. మా ఆయన కారుకి మామూలు టైర్లే వేశాం, ఆయన పగలే తిరుగుతారు. నా కారుకి మాత్రం ఇప్పటికీ రన్‌ఫ్లాట్లే.

డీలర్ చెప్పిన ధరే పెట్టక్కర్లేదు. నక్షత్రం గుర్తు లేని రన్‌ఫ్లాట్లు బయట దొరుకుతాయి. నేను బ్రిడ్జ్‌స్టోన్ డ్రైవ్‌గార్డ్ వాడుతున్నాను. పాతవాటంత రాయిలా లేవు.

రాజమండ్రి_ఎడిసన్:

చెల్లెమ్మా, మీ మెసేజ్ చదివి రాత్రి మా ఆవిణ్ణి అడిగాను. నిజం చెప్పాలంటే అప్పటిదాకా అడగలేదు, ఈ మూడు రాత్రులూ పక్కనే కూర్చుని ఉంది. తను వెంటనే చెప్పింది. "వానకి మెల్లగా వెళ్తాను, మంచు పడితే ల్యాబ్ వాళ్లే షిఫ్టు మారుస్తారు. రాత్రి రూట్ 1 మీద కారు ఆగిపోవడం ఒక్కటే నాకు భయం. కింగ్‌స్టన్ దాటాక ఆ చీకటి ముక్కలో రోజూ దేవుణ్ణి తలుచుకునే వస్తాను." రెండేళ్లుగా ఆ రోడ్డు మీద వస్తోంది, ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు.

అన్నా, మీరన్నట్టు పొద్దునే గాలి కొలిచాను. నాలుగింట్లోనూ 41. స్టిక్కర్ మీద ఉన్నదానికంటే 7 పీఎస్ఐ ఎక్కువ. పోయిన చలికాలం మంచు పడి హెచ్చరిక లైటు వచ్చినప్పుడు గ్యాస్ స్టేషన్‌లో నేనే కొట్టాను, ఇక రాకుండా ఉంటుందని కొంచెం ఎక్కువే పెట్టాను. ఎండాకాలమంతా అలాగే తిరిగాం. గాలి తీసి స్టిక్కర్ లెక్కకి తెచ్చి, వాన లేని పూట చూసుకుని ఓక్ ట్రీ రోడ్డు మీద ఒక చుట్టు తిరిగొచ్చాను. ఆ టైర్లేనా అనిపించింది. రన్‌ఫ్లాటే, గట్టిదనం పోలేదు, కానీ వెన్నులో పొడిచినట్టున్న దెబ్బ లేదు. నాన్నని ముందు సీట్లో కూర్చోబెడితే సరిపోతుందనుకుంటున్నాను.

డ్రైవ్‌గార్డ్ ప్లస్ మా సైజులో, 100 లోడ్ ఇండెక్స్‌తో దొరికాయి. బిగింపు, అలైన్‌మెంట్ కలిపి 1,390 డాలర్లు. శనివారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. పైలట్ స్పోర్ట్ మీద మనసు ఇంకా ఉంది, దాచను.

సూళ్లూరుపేట_నోవై:

మంచి పని చేశావు తమ్ముడూ. నేను మామూలు టైర్లు అన్నది మా ఇంటి లెక్కలో. మీ ఆవిడ చెప్పిందే నీకు సరైంది, నేనూ అది ముందే అడగాల్సింది.

శనివారం బిగించే ముందు టైరు మీద డీఓటీ నంబరు (తయారీ వివరాలు చెప్పే నంబరు) చివరి నాలుగంకెలు చూడు. 2224 అంటే 2024లో 22వ వారం తయారైంది. ఏడాది కంటే పాతదిస్తే మార్చమని అడుగు. నాలుగు అంకెలూ గోడకి ఒక వైపే ఉంటాయి, బయట కనపడకపోతే లోపలి వైపు చూడాలి, అందుకే చక్రం ఎక్కించకముందే చూడమంటున్నాను. మొదటి 500 మైళ్లు మెల్లగా పోనివ్వు, కొత్త రబ్బరు మీద అచ్చు నుంచి వచ్చిన నునుపు పోవాలి. 50 మైళ్లు తిరిగాక చక్రాల బోల్టుల బిగింపు ఒకసారి చూపించు. గాలి ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుదలకి ఒక పీఎస్ఐ పడిపోతుంది. కాబట్టి డిసెంబర్‌లో లైటు వస్తే స్టిక్కర్ దాకా కొట్టి ఆపెయ్యి.

రాజమండ్రి_ఎడిసన్:

అయిపోయింది. మూడు టైర్లు 2224, ఒకటి 2024. ఆ ఒక్కటి చూసి తయారైన ఏడాదనుకుని సంతోషపడ్డాను. షాపులో కుర్రాడే నవ్వి, అది 24వ సంవత్సరంలో 20వ వారం అని చెప్పాడు, నాలుగూ కొత్తవే. అలైన్‌మెంట్ కాగితం చూస్తే వెనక ఎడమ చక్రం ఎర్ర అంకెల్లో ఉంది, ఇప్పుడు అన్నీ ఆకుపచ్చలోకొచ్చాయి. పాత టైరు ఒకటి విప్పి నేల మీద పడుకోబెడితే లోపలి అంచున దారాలు బయటికి కనపడుతున్నాయి. అలాంటి టైర్లతో పాపని కారులో కూర్చోబెట్టుకుని టర్న్‌పైక్ ఎక్కాను.

నిన్న రాత్రి మళ్లీ వాన. 11:40 కి మా ఆవిడ వచ్చి చెప్పులు విప్పుతోంది, నేను మెట్ల మీదే కూర్చుని ఉన్నాను. ఎలా ఉందని అడిగితే, "కింగ్‌స్టన్ దగ్గర నీళ్లు నిలిచాయి, కారు అలాగే వచ్చేసింది" అంది. అన్నం పెట్టుకుని తింటూ మళ్లీ తనే, "చప్పుడు కూడా తగ్గింది" అంది.